మాట ఎవరిది?

ఆ రాజ్యంలో ఊరూరా తిరిగి దండోరా వేసేవాడు ఎల్లమంద. రాజుగారి ఆజ్ఞ అయినా, రైతు మొర అయినా అతని డప్పు మోగితేనే జనానికి తెలిసేది.

ఒకనాడు అతను "మంత్రిగారి ఏనుగు రైతు పేరయ్య చెరకుతోట తొక్కేసిందహో!" అని చాటాడు. మంత్రి మండిపడి అతణ్ణి సభకు ఈడ్పించాడు.

"ఆ మాట పేరయ్యది దొరా. చాటడమే నా పని" అన్నాడు ఎల్లమంద.

"ఎవడు చెప్పిస్తే నాకేం? నీ నోట వచ్చింది నీ మాటే. రాజ్యం విడిచి పో!" అన్నాడు మంత్రి. రాజు తల ఊపాడు.

ఎల్లమంద తొణకలేదు. "చిత్తం. పోయేముందు ఒక్క దండోరా" అంటూ సభలోనే డప్పు మీద దరువేశాడు.

"వినండహో! నిన్న నేను చాటిన రెట్టింపు పన్ను రద్దు చేస్తున్నానహో!"

మంత్రి ఎగిరిపడ్డాడు. "ఓరీ! అది రాజుగారి ఆజ్ఞ! రద్దు చెయ్యడానికి నువ్వెవడివిరా?"

"అదీ నా నోటే వచ్చింది కదా దొరా. మరి నా మాట కాదా?"

మంత్రి రాజు వంక చూసి గొంతు తగ్గించాడు. "కాదు. చాటించినవాళ్లదే మాట."

ఎల్లమంద డప్పు దించి పక్కకు జరిగాడు. అతని వెనకే వచ్చిన పేరయ్య, నలిగిన చెరకుగడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయితే ఏనుగు మాట ఈయనది దొరా. జవాబు ఈయనకే చెప్పండి."