బుట్టని చూడకు

నేలమీద నిలబడి ప్రశ్న అడిగితే వింగ్ కమాండర్ నరహరి గారు జవాబు చెప్పరు. ఆ స్క్వాడ్రన్‌లో ఇది అందరికీ తెలిసిన సంగతే. కుర్ర పైలట్లు చుట్టుముట్టి ఎందుకు, ఎలా అని ఎంత తొలిచినా, ఆయన టీ ఊదుకుంటూ "చూద్దాంలే" అంటారు. ఆ చూడటం ఏ రోజు, ఎంత ఎత్తున జరుగుతుందో ఎవరికీ తెలియదు. పోనీ, అదైనా మెత్తగా చూపిస్తారా అంటే అదీ లేదు.

ఆయన శిష్యుల్లో ఫ్లైట్ లెఫ్టినెంట్ సువర్చలది టెక్కలి. చెయ్యి మంచిది, కన్ను చురుకు, నోరు ఇంకా చురుకు. యుద్ధవిమానం నడపడంలో ఆ అమ్మాయికి పట్టుబడనిది ఒక్కటే మిగిలింది, గాలిలో ఎగురుతూనే ఇంధనం నింపుకోవడం. వినడానికి పెట్రోలు బంకు వ్యవహారంలా ఉంటుంది గానీ, చేసి చూస్తే తెలుస్తుంది దాని సంగతి. ముందు ఒక పెద్ద ట్యాంకర్ విమానం పోతూంటుంది. దాని రెక్క కిందినుంచి పొడుగాటి గొట్టం వేలాడుతుంది, గొట్టం చివర ఒక బుట్ట. వెనక వచ్చే చిన్న విమానం ముక్కు పక్కన ఒక కడ్డీ పొడుచుకుని ఉంటుంది. ఆ కడ్డీని తీసుకెళ్ళి ఆ బుట్టలో దూర్చాలి. మరీ మెల్లిగా వెళితే అతుక్కోదు, విసురుగా వెళితే గొట్టం కొరడాలా లేచి కడ్డీని విరిచేస్తుంది. ఇంతా చేసి, సరిగ్గా అందబోయే సమయానికి, మన విమానం ముక్కు తోసే గాలికే బుట్ట పక్కకి తప్పుకుంటుంది. మనం అటు తిప్పుతాం, అది ఇటు వస్తుంది. ఎంత తెలివైనవాళ్ళయినా అక్కడ దాని వెంట పడతారు. పడినకొద్దీ విమానం ఊగుతుంది, ఊగినకొద్దీ బుట్ట ఇంకా ఎగురుతుంది.

"బుట్టని చూడకు, ట్యాంకర్‌ని చూడు." ఈ విషయంలో నరహరి గారు చెప్పేది ఈ ఒక్క ముక్కే. ఆ ముక్క వింటేనే సువర్చలకి ఒళ్ళు మండేది. ఆ పొద్దున విమానం ఎక్కబోతూ ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, సూదిలో దారం ఎక్కించేవాళ్ళు బెజ్జాన్ని చూడకుండా ఎక్కిస్తారా? నాకు కావలసింది ఆ బుట్ట. కావలసినదాన్ని చూడకుండా ఎలా అందుకోను?"

ఆయన హెల్మెట్ పట్టీ బిగించుకుని, "చూద్దాంలే," అంటూ నిచ్చెనెక్కి వెనక సీట్లో కూర్చున్నారు. అది రెండు సీట్ల విమానం. ముందు శిష్యురాలు, వెనక గురువు, ఇద్దరి దగ్గరా విమానం నడిపే పిడులు ఉంటాయి. సువర్చల ఎప్పుడూ ముందు సీటే. వెనక సీటు ఎలా ఉంటుందో ఆ అమ్మాయికి తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు.

ఆ రోజు పని సముద్రం మీద. దూరాన ఉన్న ద్వీపం దాకా వెళ్ళి, దిగకుండా తిరిగి రావాలి. తిరుగుదారిలో ట్యాంకర్ దగ్గర ఇంధనం పట్టుకోవాలి. వెళ్ళడం హాయిగానే వెళ్ళారు. ద్వీపం దాటి మళ్ళారో లేదో, వెనక మబ్బు కమ్ముకొచ్చింది. అక్కడి రన్‌వే వానకి మూసేశామని రేడియోలో కబురు వచ్చింది. అంటే వెనక్కి పోయే దారి లేదు. ముందున్న తీరం చేరడానికి ఉన్న ఇంధనం చాలదు. ఇక మిగిలింది ట్యాంకర్, దాని బుట్ట, కింద నల్లగా కదులుతున్న నీళ్ళు.

సువర్చల మొదటిసారి బాగానే వెళ్ళింది. గొట్టం వెనక కుదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి, విమానాన్ని అంగుళం అంగుళం ముందుకి జరిపింది. బుట్ట దగ్గరికొచ్చింది. దాని అంచున ఉన్న ఇనప ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇంకొక్క మూర. అంతలో బుట్ట పైకి లేచింది. ఆమె ముక్కు పైకెత్తింది. బుట్ట కిందికి జారి, కడ్డీ పక్కనుంచి నవ్వుతున్నట్టే వెళ్ళిపోయింది.

రెండోసారి ఇంకా అన్యాయం. గాలి ముదిరింది, గొట్టం పాములా మెలికలు తిరుగుతోంది. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి బుట్ట వెంట తిప్పీ తిప్పీ ఆమె మణికట్టు నొప్పెక్కింది. చివరికి బుట్ట ఒక్క ఊపు ఊగి ధడేల్‌మని తలపక్క అద్దానికి కొట్టుకుంది. అద్దం పగల్లేదు గానీ, సువర్చల పైప్రాణాలు పైనే పోయాయి. గబుక్కున విమానాన్ని వెనక్కి లాగింది.

"కంగారు పడకండి, మేం ఎక్కడికీ పోం," అన్నాడు ట్యాంకర్ కెప్టెన్ రేడియోలో. మంచివాడు, ధైర్యం చెబుదామనే అన్నాడు. మీరు పోరు నాయనా, పోయేది మేమే, అనుకుంది సువర్చల. ఇంధనం ముల్లు చూసుకుంది. ఇంకొక్క ప్రయత్నానికి సరిపోతుంది. అదీ తప్పితే సీట్లతో సహా బయటికి ఎగిరి ఆ నీళ్ళలో పడాలి. ఎవరైనా వచ్చి వెతికేసరికి తేలుతూ ఉంటే అదృష్టం.

"సార్, నావల్ల కాదు. మీరు తీసుకోండి," అంది. ఆ మాట అనడానికి ఆ అమ్మాయికి ఎంత చచ్చేచావయిందో ఆ గొంతు విన్నవాళ్ళకే తెలుస్తుంది.

"సరే. చేతులు తియ్యి."

తీసింది. విమానం వెంటనే కుదుటపడింది, మళ్ళీ మెల్లిగా ముందుకి కదిలింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏదో ఒకటి మాట్లాడకపోతే భయం ఆగేలా లేక అడిగింది.

"బుట్ట మీకు సరిగ్గా కనిపిస్తోందా సార్?"

"లేదు."

"మబ్బా?"

"మబ్బెందుకూ, నీ సీటు అడ్డం. ఇక్కడినుంచి అది ఎప్పుడూ కనిపించదు. ట్యాంకర్ రెక్క కనిపిస్తోంది, చాల్లే."

ఓరి దేవుడా! ఉన్నది ఒక్క ప్రయత్నం. నడుపుతున్నాయనకి బుట్ట కనిపించదు. కనిపిస్తున్న తనకి నడిపే వంతు లేదు. ఆలోచించేలోపే నోరు లేచింది. "సార్, కొంచెం ఎడమకి... ఎడమకి రండి!"

"చెప్పకు."

"సార్, అది పక్కకి పోతోంది!"

"పోనీ. నువ్వు చెబితే నేనూ దాని వెంటే పడతాను. నోరు మూసుకుని కూర్చో."

కూర్చుంది. అంత కష్టమైన పని జన్మలో చెయ్యలేదు ఆ అమ్మాయి. కళ్ళెదుటే బుట్ట ఎడమకి పోతోంది, విమానం మాత్రం అటు తిరగదు. ట్యాంకర్ ఎటు కదిలితే అటు, ఎంత కదిలితే అంత, దానికి తాడేసి కట్టినట్టు పోతోంది. అరవాలని గొంతుదాకా వచ్చింది. చెయ్యి తనంతట తనే లేచి పిడి మీదికి పోబోయింది, రెండో చేత్తో దాన్ని ఒళ్ళోనే అదిమి పట్టుకుంది. నాలుక కొరుక్కుంది, నోట్లో ఉప్పగా తగిలింది. బుట్ట పోయినంత దూరం పోయింది. వెంట ఎవరూ రాలేదు. ఒకసారి అటూ ఇటూ ఊగి, మళ్ళీ తన చోటికి తను వచ్చింది. వచ్చేసరికి కడ్డీ అక్కడ ఉంది. టక్కుమంది. ఎదురుగా ఆకుపచ్చ దీపం వెలిగింది, ఇంధనం ముల్లు మెల్లిగా లేవడం మొదలుపెట్టింది.

సువర్చలకి ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు ఒళ్ళంతా కోపమూ వచ్చింది. బుట్ట మీదో, వెనకాయన మీదో, తన మీదో తేల్చుకునేలోపు, "ఇక నువ్వు పట్టుకో," అన్నారు వెనకనుంచి.

పట్టుకుంది. బుట్ట అతుక్కునే ఉంది, దాన్ని చూసే పని లేదు. తలెత్తి మొదటిసారి ట్యాంకర్‌ని చూసింది. రెక్క కింద పొగ మసి, వరసగా మేకుల తలలు, తోక దగ్గర చిన్న కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న ఒక మనిషి. ఇన్నిసార్లు దీని వెనక ఎగిరింది, ఆ కిటికీ ఉందనే తెలియదు. ట్యాంకు నిండేదాకా ఆ మసిని చూస్తూ విమానాన్ని నిలిపింది. ఒక్కసారి కూడా ఊగలేదు.

గొట్టం వదిలి పక్కకి వచ్చారు. కాసేపటికి దూరాన తీరం సన్నని గీతలా కనబడింది. అప్పుడు అడిగింది సువర్చల.

"కళ్ళెదుట పెట్టుకుని నేను రెండుసార్లు తప్పాను సార్. మీకది కనిపించనే లేదు. అయినా అంత ధైర్యంగా ఎలా వెళ్ళారు?"

"ధైర్యమా పాడా," అన్నారు నరహరి గారు. "నాకు నీ సీటు అడ్డముందమ్మా. ధైర్యం కావలసింది నీకే, నీకు అడ్డం ఏదీ లేదు."