పదో పిలుపు

పేరయ్య గారిని ప్రశ్న అడిగినవాడు జవాబు కోసం ఓపిక పట్టాల్సిందే. ఒక్కోసారి ఒక పూట, ఒక్కోసారి ఒక ఏడాది. ఆయన వాదించేవారు కారు. ఏదో ఒకటి జరిగేదాకా ఊరుకుని, జరిగాక ఒక్క మాట అని లేచిపోయేవారు. ఈ పద్ధతి శిష్యుల్లో ఎవరికీ నచ్చేది కాదు, భీమశంకరానికైతే మరీను. అతను పన్నెండేళ్ళు జమీందారీ ఠాణాలో జమేదారుగా చేసి, విసుగెత్తి వచ్చేసినవాడు. అడిగితే టక్కున జవాబు రావాలనేది అతని అలవాటు.

గురువుగారి వెంట గోదావరి మధ్య ఒక లంక ఊళ్ళో మకాం ఉన్నప్పుడు అతనే అడిగాడు: "సర్కారంటూ లేకపోతే మనుషులు కొట్టుకు చావకుండా కలిసి బతగ్గలరా, గురువుగారూ? లాఠీ కనబడకపోతే సొంత అన్నదమ్ములే తలలు పగలగొట్టుకోవడం నా కళ్ళారా చూశాను."

పేరయ్య గారు మబ్బు వంక చూసి, "వాన వచ్చేట్టుంది," అన్నారు. అంతే!

వాన వచ్చింది. ఎగువన ఎంత కురిసిందో ఏమో, మూడో రోజు పొద్దున్నకి గోదారి ఊళ్ళోకి వచ్చేసింది. మునసబు తెల్లారకుండానే పెద్ద పడవలు రెండూ కట్టించుకుని, ఇంటిల్లిపాదితో, గొడ్డూగోదతో సహా అవతలి గట్టుకి చక్కా పోయాడు. తరవాత ఎవరికి దొరికిన పడవ వాళ్ళెక్కారు. చివరికి దిబ్బమీద మిగిలింది ఇరవైమంది, సరంగు సత్తియ్య నడిపే ఒక్క చిన్న పడవ. అది పదిమందిని పడుతుంది.

"ఓ తిరుగుడు ఖాయం. రెండోది గోదారమ్మ దయ," అన్నాడు సత్తియ్య, మోకు మేకుకి బిగించి కడుతూ.

ఇంక తొక్కిసలాటే అనుకున్నాడు భీమశంకరం. అలవాటు కొద్దీ చెయ్యి లాఠీ కోసం వెతికింది కూడాను. కానీ జనం ఒక్క అరుపైనా లేకుండా ఎగువ నుంచి దిగువకి వరసగా నిలబడ్డారు. ఆ లంకవాళ్ళకి తాతల నాటి కట్టు ఒకటుంది. వరదలో పడవెక్కాలంటే ఎవరి పేరు వాళ్ళు చెప్పకూడదు, ఇంకొకరు పిలవాలి. తన ఇంటివాళ్ళని పిలవకూడదు. ఒక మనిషికి ఒకటే పిలుపు. కాబట్టి నా తల్లి ప్రాణం నా పొరుగువాడి నోట్లో ఉంటుంది, వాడి పెళ్ళాం ప్రాణం నా నోట్లో ఉంటుంది. ఏడాది పొడుగునా జాగ్రత్తగా మసులుకోక ఏం చేస్తారు! పరాయివాళ్ళు కూడా వరసలో నిలబడాల్సిందే కనక గురుశిష్యులిద్దరూ వరస మధ్యలో నిలబడ్డారు. తొమ్మిదోవారు పేరయ్య గారు, పదో మనిషి భీమశంకరం.

పిలుపులు మొదలయ్యాయి. ఒకడు ఎదురింటి ముసలాయన్ని పిలిచాడు, ఆ ఎదురింటావిడ గర్భిణిగా ఉన్న ఇంకో ఇంటి కోడల్ని పిలిచింది. ఇదేం మనుషులయ్యా బాబూ అనుకున్నాడు భీమశంకరం, ఆనందంతోనే అనుకున్నాడు. పేరయ్య గారు చంటిబిడ్డని ఎత్తుకున్న నూకాలుని పిలిచారు. తొమ్మిది చోట్లు నిండాయి.

అప్పుడు కనిపించింది అతనికి, దిబ్బ అంచున రోలు మీద కూర్చోబెట్టిన అప్పాయమ్మ. రెండు కాళ్ళూ పడిపోయిన మనిషి. పక్కన కొడుకు అబ్బులు. పోయిన వేసవిలో ఈ అబ్బులే నలుగురి దోసపాదుల్లోకి గేదెల్ని తోలి, అడగొచ్చినవాణ్ణి ఏట్లో ముంచి లేపాడు. తల్లి మీద ఎవరికీ కోపం లేదు. ఎవరో ఒకరు పిలుస్తారులే అని ప్రతివాళ్ళూ అనుకున్నారు, అంతే. నీళ్ళు రోలు సగానికి వచ్చాయి.

ఇంక ఒక్క చోటుంది. పిలుపు భీమశంకరానిది. అతను గురువుగారి పేరు నాలుక మీద పెట్టుకుని ఉన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, రెండో తిరుగుడు ఉంటుందో ఉండదో. నోరు తెరిచాడు.

అబ్బులు ఆ నోటి వంకే చూస్తున్నాడు. ఒక్క అంగలో వచ్చి, మొలలోంచి కొబ్బరికత్తి లాగి మోకు మీద ఆనించాడు. సరంగు ఇంకా ఒడ్డునే ఉన్నాడు. మోకు తెగితే తొమ్మిదిమంది, ఆ చంటిదానితో సహా, నడిపేవాడు లేకుండా సుడిలోకి పోతారు.

"మా అమ్మని పిలవండయ్యా," అన్నాడు అబ్బులు. గట్టిగా కూడా అనలేదు.

భీమశంకరం ఠాణా గొంతుతో "కత్తి కింద పడెయ్యరా!" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. కత్తి మోకులోకి ఒక పోగు దిగింది. పడవలో నూకాలు బిడ్డని గుండెకి అదుముకుని కెవ్వుమంది.

"అప్పాయమ్మ!" అన్నాడు భీమశంకరం.

అబ్బులు తల్లిని ఎత్తుకుపోయి పడవలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టినవాడు దిగాలి. దిగలేదు. కత్తి చేతపట్టుకునే పడవ ముందుకొస, అణియం మీద నిలబడి "పోనియ్ సత్తియ్యా," అన్నాడు. పదకొండో మనిషి ఎక్కాడని అందరికీ తెలుసు. నీళ్ళు పడవ అంచుకి బెత్తెడు కిందున్నాయని కూడా తెలుసు. అయినా సత్తియ్య మోకు విప్పి పడవెక్కాడు. పడవ ఊగుతూ పోయి, మధ్యలో ఒకసారి గిర్రున తిరిగి, ఎలాగో అవతలి గట్టు తగిలింది. దిబ్బమీది తొమ్మిదిమందీ అప్పుడు ఊపిరి వదిలారు.

పడవ వెనక్కి వచ్చింది. అబ్బులూ వచ్చాడు.

తనని ఏట్లో ముంచినవాణ్ణి చూసి ఆ దోసపాదులాయన అడుగు వెనక్కేశాడు. అప్పటికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఎవరో పాత కట్టు ప్రకారం పిలుపు మొదలెట్టబోతే, "పేర్లూ గీర్లూ లేవు. నేను చూపించినోడే ఎక్కాలి," అన్నాడు అబ్బులు. కత్తి మొనతో చూపిస్తూ పోయాడు. ఆడవాళ్ళు ముందు, ముసలివాళ్ళు తరవాత. పేరయ్య గారిని తనే చెయ్యందించి ఎక్కించాడు. దోసపాదులాయన్ని ఆఖర్న నిలబెట్టి, కాసేపు అలా చూసి, ఎక్కమన్నాడు. నిజం చెప్పాలంటే పిలుపుల కంటే తొందరగానే అయిపోయింది. అందరూ గట్టు చేరారు. వెనక దిబ్బ మునిగిపోయింది.

గట్టుమీద గంజి పోస్తున్నారు. మొదటి ముంత తీసుకెళ్ళి అబ్బులు చేతికిచ్చింది నూకాలు. దోసపాదులాయన తన తలగుడ్డ పిండి, పరిచి, "కూకో బాబూ," అన్నాడు. అబ్బులు కూర్చున్నాడు. కత్తి ఒళ్ళో ఉంది.

భీమశంకరం గురువుగారి పక్కన చతికిలబడ్డాడు. "ఎవరూ పోలేదు గురువుగారూ. ఆ ముసలమ్మని పిలిచి మంచిపనే చేశాను కదండీ?"

"చెయ్యాల్సిన పనే. దయతో పిలిచావా, భయంతో పిలిచావా?"

భీమశంకరం అబద్ధం ఆడదామనుకున్నాడు. ఆడలేకపోయాడు. "భయంతోనే."

పేరయ్య గారు గంజి ముంత కింద పెట్టి, తలగుడ్డ మీద కూర్చున్న మనిషిని కాసేపు చూశారు.

"ఈ ఊళ్ళో ఇవాళ సర్కారు పుట్టింది నాయనా," అన్నారు. "మంత్రసానివి నువ్వే."