తుమ్మించని పొడుం బొమ్మ

అనగనగా, ముక్కుపొడుం పీల్చి ఊరు దద్దరిల్లేలా తుమ్మే రోజుల్లో, గొల్లమాడ అని ఒక సంస్థానం ఉండేది. ఆ ఊరివాళ్లకి కుస్తీలంటే పిచ్చి. అందుకని పొడుం వర్తకులు ప్రతి పొట్లంలోనూ పహిల్వాను బొమ్మ ఉన్న చిన్న అట్ట పెట్టేవారు. అవన్నీ ఒకే అచ్చుకూటంలో తయారయ్యేవి. ముందువైపు అందరిదీ అదే బొమ్మ. వెనకవైపు మాత్రం ఏ వర్తకుడి ప్రకటన ఆ వర్తకుడిది.

మరి ఊరివాళ్లేం చేసేవారు? బొమ్మ దొరకగానే గంజి పూసి తలుపుకి అంటించేసేవారు. వెనక ఏముందో ఎవడికి కావాలి!

రాజావారు సోమరాజుగారికి కావలసి వచ్చింది. ఆయన వర్తకులందరి అట్టలూ పోగుచేశారు. ఒక్కటే దొరకలేదు.

"వెనక 'కూర్మయ్య పొడుం' అని అచ్చువేసింది ఒకటుండాలి ప్రభూ" అన్నాడు అచ్చుకూటం ముసలాయన.

"అది తెచ్చినవారికి కోట గుమ్మం పక్క కొట్టు ఇస్తాం" అని రాజావారు చాటింపు వేయించారు.

ఆ మాట కూర్మయ్య భార్య వరహాలమ్మ చెవిన పడింది. భర్త పోయాక ఆమె వీధివార కూర్చుని వేయించిన శనగలు అమ్ముకుంటోంది. వానాకాలం వస్తే ఆ బేరమూ ఉండదు. కూతుర్ని తీసుకుని, ఊరు విడిచి అన్నగారి పంచన చేరాల్సిందే. ఆ కొట్టు దొరికితే ఆ బాధ తప్పుతుంది.

కొలువుకి మొదట సన్యాసి అనే రైతు వచ్చాడు. తలుపు ఊడబీకి మోసుకుని మరీ వచ్చాడు!

"దీనికే అంటించేశాను దొరా, రావటం లేదు."

వేణ్ణీళ్లు పోసి లాగితే పహిల్వాను ముక్కలయ్యాడు. వెనక అచ్చంతా గంజిలో కలిసిపోయింది. పాపం, సన్యాసి మళ్లీ తలుపు నెత్తికెత్తుకున్నాడు.

రెండోవాడు గవరయ్య, ఊళ్లోకెల్లా పెద్ద పొడుం వర్తకుడు. అతని అట్ట తళతళలాడుతోంది. వెనక కూర్మయ్య పేరు ఉంది. రాజావారు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. హాచ్చి! తలపాగా ఎగిరి అవతల పడింది.

"కూర్మయ్య పొడుం ఘాటు అలాంటిది ప్రభూ! జనం ఎగబడి కొనేవారు" అన్నాడు గవరయ్య.

చివరికి వరహాలమ్మ వచ్చింది. ఆమె అట్ట మాసిపోయింది, పహిల్వాను చెవి ఎలకలు కొట్టేశాయి. రాజావారు వాసన చూశారు. తుమ్ము రాలేదు. మళ్లీ చూశారు. ఊహూఁ.

"చూశారా ప్రభూ, నకిలీది!" అన్నాడు గవరయ్య.

"పొడుమంతా అమ్ముడైపోయింది, అందుకే కొట్టు మూశాను" అని కూర్మయ్య బతికున్నన్నాళ్లూ ఊరంతా చెప్పుకున్నాడు. నిజం చెబితే పోయిన మనిషి పరువు పోతుంది. పాతబడి ఘాటు పోయిందని ఒక్క ముక్క అంటే సరిపోను. కానీ ఆ అబద్ధం ఆడటానికి వరహాలమ్మకి నోరు రాలేదు.

"ప్రభూ, మా ఆయన పొడుం ఎంత పీల్చినా తుమ్ము రాదు. కొత్తగా ఉన్నప్పుడూ రాలేదు. అందుకే ఎవరూ కొనలేదు. కొనలేదు గనకే ఈ అట్ట ఎక్కడా దొరకదు" అంది కళ్లొత్తుకుంటూ.

అచ్చుకూటం ముసలాయన పకపకా నవ్వాడు. "నిజమే ప్రభూ! ఆ రోజుల్లోనే నేనూ ఒక పొట్లం కొని, బొమ్మని తలుపుకి అంటించేశాను. పొట్లం ఖాళీ అయింది గానీ ఒక్క తుమ్ము రాలేదు!"

రాజావారు గవరయ్య వైపు తిరిగారు. "జనం ఎగబడి కొన్నారంటివే, మరి ఊరంతా ఈ అట్టలే ఉండాలి కదటయ్యా?"

అంటూనే అతని అట్ట అంచుని గోటితో గీకారు. పైనున్న పల్చటి కాగితం ఊడివచ్చింది. కింద 'గవరయ్య పొడుం' అని పెద్ద అక్షరాలు! కొలువంతా ఘొల్లుమంది. గవరయ్య తల దించుకుని జారుకున్నాడు.

కొట్టు వరహాలమ్మదైంది. రాజావారు ఆ అట్టకి పటం కట్టించి, బొమ్మని గోడవైపు తిప్పి, కూర్మయ్య పేరు అందరికీ కనబడేలా ఆ కొట్లోనే తగిలించారు. వచ్చినవాళ్లంతా అది చదివి, తుమ్మించని పొడుం సంగతి విని నవ్వుకునేవారు. ఆ తరవాత శనగలు కొనుక్కునేవారు. వాళ్లతోపాటు వరహాలమ్మ కూడా నవ్వేది.

కాబట్టి పిల్లలూ, ఓడిపోయామని ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు, గెలిచామని అబద్ధమాడటానికే సిగ్గుపడాలి.