చూలాలమ్మ కట్టకు వాకిలి వచ్చిన కథ

పాలగెడ్డ అనే వాగు కొండలు దిగి మైదానంలోకి వచ్చే చోట, కట్టవలసకు కూతవేటు దూరంలో శ్రీ చూలాలమ్మ వారి సన్నిధి ఉంది. బస్సు దిగిన భక్తులు ముందుగా గోపురం కోసం వెతుకుతారు. ఇక్కడ గోపురం లేదు. గెడ్డకు అడ్డంగా ఒక రాతికట్ట, దాని మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ, ఆ పక్కన బండ మీద నిండు చూలాలైన అమ్మవారు ఉంటారు. అమ్మవారి చేతుల్లో ఆయుధం లేదు. రెండు చేతులూ పొట్ట మీదే ఉంటాయి. కొత్తవారు కట్ట తెగిందనుకుని ఊరివారికి జాలిగా సలహాలు చెబుతుంటారు. అది గండి కాదు, పుట్టింటి వాకిలి. వేసవిలో దానిని రాళ్లతో మూస్తారు, తొలకరి కొత్తనీరు రాగానే తెరుస్తారు.

పూర్వం ఇక్కడ కట్ట లేదు. గెడ్డ నీరంతా ఎవరికీ కాకుండా పెద్దేటిలో కలిసిపోయేది. పోలినాయుడనే బుగత, అంటే ఊరిపెద్ద, అందరినీ కూడగట్టి, తానూ రాళ్లు మోసి ఈ కట్ట కట్టించాడు. కాలువ చివరి మడికి కూడా నీరందింది. ఊరు చల్లబడింది.

ఆ తొలకరికే మరో వింత జరిగింది. బంగారు పొలుసుల చేపలు ఏటా పెద్దేటి నుండి ఎదురీది, కొండ మడుగుల్లో గుడ్లు పెట్టేవి. ఇప్పుడు దారి లేక కట్ట కింద పోగుపడ్డాయి. అవి ఎగిరి రాళ్లకు కొట్టుకుని పడుతుంటే, గంగమ్మతల్లి ప్రసాదం పంపిందని ఊరివారు దండాలు పెట్టి గంపలకెత్తుకున్నారు. కొన్నేళ్లకు గంపలు సగమే నిండాయి. తరువాత అడుగు కూడా నిండలేదు. తల్లికి కోపం వచ్చిందని భయపడి, గొర్రెపోతును బలిచ్చి, ఆమె మెప్పు కోసం కట్టను మరో వరుస ఎత్తు లేపారు. నవ్వనక్కరలేదు, భక్తి ముదిరితే మనమూ ఇలాంటి పనులే చేస్తాం.

ఆ ఏడు వానలకు ముందు, బుగత భార్య పారమ్మకు మధ్యాహ్నపు కునుకులో ఒక కల వచ్చింది. ఒళ్లంతా తడిసిన నిండు చూలాలు పెరటి తలుపు కొడుతూ, "తలుపు తియ్యమ్మా, నెలలు నిండిపోనాయి" అని బతిమాలింది. పారమ్మ ఉలిక్కిపడి లేచి భర్తకు చెప్పింది. ఆయన "మన అచ్చియమ్మేనే" అన్నాడు. అచ్చియమ్మ వారి ఒక్కగానొక్క కూతురు. పెద్దేటి ఒడ్డున అత్తవారింట తొలిచూలుతో ఉంది. బుగత వెంటనే బండి పంపాడు. కలలో వచ్చింది మరొకరు కావచ్చునని ఆయనకు తోచలేదు.

బండి కట్ట దగ్గరికి వచ్చేసరికి కొండల్లో వాన పడి, కొత్తనీరు దిగింది. బుగతతో సహా మగవాళ్లు గంపలతో కట్ట కింద నిలబడి ఉన్నారు. ఎగిరిన చేప ఒకటి అచ్చియమ్మ బండి ముందు పడి, పొట్ట పగిలి, గుడ్లన్నీ రాతి మీద ఒలికాయి. ఆమె బండి దిగి అక్కడి బండ మీద కూర్చుండిపోయింది.

"అయ్యా, నాను పురిటికొచ్చినాను. ఇయ్యీ పురిటికే ఎల్తన్నాయి. ఈటికి తలుపు మూసేసి నాకెలా తీత్తావు? దారిత్తే గానీ నాను లెగను" అంది.

"ఆకుమళ్లు ఎండిపోతాయే తల్లీ. ఊరోళ్లు నన్నొగ్గెత్తారా?" అన్నాడు తండ్రి.

ఆయన భయం ఉత్తిది కాదు. ఆకుమళ్లలో వరినారు అప్పుడే మొలకెత్తింది. కట్ట విప్పితే నీరు కాలువ మట్టం కన్నా దిగిపోతుంది. మళ్లీ వాన ఎప్పుడో తెలియదు. ఇంతలో అచ్చియమ్మకు నొప్పులు మొదలయ్యాయి. పారమ్మ పరుగున వచ్చి లేవదీసినా ఆమె బండ వదలలేదు.

కాలువ చివర మడులున్న దాలినాయుడు, "కట్టిప్పెత్తే సివరి మడులోళ్లం ఏటైపోవాల బుగతా?" అని అడిగాడు.

పోలినాయుడు కూతురిని చూశాడు. "నా ఆకు నీకిచ్చెత్తాను. ముందు రాయట్టుకో" అన్నాడు.

ఇద్దరూ కలిసి నడిమి రాయి కదిలించారు. రాయి లేస్తుండగా బుగత కళ్లనీళ్లతో, "రా తల్లీ, ఇంటికి రా" అని పిలిచాడు. కూతురిని పిలిచాడో, చేపలను పిలిచాడో అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఆడవారు చుట్టూ చీరలు అడ్డుపట్టారు. చేపలు వాకిలి దాటుతుండగా ఆ బండ మీదే ఆడపిల్ల పుట్టింది.

వాన ఆలస్యమై చివరి మడుల నారు నిజంగానే ఎండిపోయింది. బుగత కాలువ మొదట్లో తడి ఆరక మిగిలిన తన నారు పంచి ఇచ్చి, ఆ ఏడు తన పొలం బీడు పెట్టుకున్నాడు. చేపలు మాత్రం కొన్నేళ్లకు మళ్లీ నిండుగా వచ్చాయి.

అచ్చియమ్మ జ్యోతి అయి నీటిలో కలిసిందని పూజారిగారు చెబుతారు. బుగత వంశంవారు ఒప్పుకోరు. పండు ముసలిదై, మునిమనవలను కేకలేస్తూ పోయిందంటారు. బండ మీది విగ్రహం ఆమెదేనన్న విషయంలో ఇరువురికీ తగవు లేదు.

ఇటీవల గెడ్డను బాగుచేసే ప్రణాళికలో ఇక్కడ ఎత్తైన కొత్త కట్ట కడతామన్నారు. ఊరివారు వాకిలి లేని కట్ట వద్దన్నారు. ఇంజనీర్లు వాకిలి ఉంచి, కింద మెట్లు మెట్లుగా మడుగులు కట్టించారు. నేటికీ కొత్తనీరు రాగానే అమ్మవారికి చీర, పసుపు కుంకుమలు, చలిమిడి పెడతారు. బుగత వంశపు పెద్ద నడిమి రాయి తీస్తూ ఆనాటి మాటే అంటాడు. మొదటి చేప దాటాకే కాలువ తూము తెరుస్తారు. పిల్లచేపలు తిరిగి పెద్దేటికి దిగేదాకా ఎవరూ వల వేయరు.

కూతురికి తలుపు మూసినవారు ఆ రాయి ముట్టరాదని నియమం. మొన్నామధ్య రాయి తీయవలసిన గౌరునాయుడు గారు, తనకు నచ్చినవాడిని చేసుకుందని కూతురిని గడప తొక్కనివ్వలేదు. ఆ సంగతి దాచి ఆయన రాయి మీద చెయ్యి వేశారు గానీ "రా తల్లీ, ఇంటికి రా" అనలేకపోయారు. కింద చేపలు రాళ్లకు కొట్టుకుంటున్నాయి. ఆయన అక్కడే కూలబడి ఏడ్చి, కూతురికి కబురు పెట్టారు. ఆమె ఆటో దిగి బండ దగ్గర నిలబడ్డాకే వాకిలి తెరుచుకుంది.

ఇక్కడి చలిమిడి తిన్న చూలాలికి సుఖప్రసవం అవుతుందని నమ్మకం. భక్తులు ప్రసాదమంతా కట్ట మీదే తినేయకుండా, ఇంటి ఆడపడుచుకు కొంత తీసుకువెళ్లాలని ఆలయం వారి మనవి. రాకపోకలు లేని ఆడపడుచైతే తప్పక తీసుకువెళ్లాలి.