తెర నిండుగా

మా గురువుగారు శేషావతారం గారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు ఒక పని పురమాయిస్తారు. అమలాపురంలో ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా అడగడం మానరు.

ఒకనాడు ధర్మలింగం వచ్చాడు. మనిషి గుణం మంచిదే, నోరే కాస్త పెద్దది. వాళ్ళమ్మాయి వసుంధర ఆసుపత్రిలో నర్సు. ఈయన మాత్రం ఊరందరికీ "మా అమ్మాయి డాక్టరండీ" అని చెప్పుకొచ్చాడు. గురువుగారికీ అదే చెప్పాడు. ఒక పెళ్ళిలో ఆ మాట వసుంధర చెవినే పడింది. "మీరు చెప్పే ఆ అమ్మాయెవరో నాకు తెలీదు నాన్నా" అనేసి, ఆ రోజునుంచి తండ్రితో మాటలు మానేసింది.

ఆ గొడవంతా దాచుకుని ధర్మలింగం ప్రశ్న మాత్రం వేశాడు. "కన్నబిడ్డను నాలుగు మెట్లు పైన నిలబెట్టి చెప్పుకుంటే తప్పాండీ? అది ప్రేమ కాదా?" అని అడిగాడు.

గురువుగారు, "నువ్వు సినిమాలు చూసే ప్రొజెక్టరుందిగా. సాయంత్రం చిట్టెమ్మగారింటికి పట్టుకురా" అన్నారు.

చిట్టెమ్మగారు సన్నాయి సూర్యం భార్య. ఆయన పోయాక ఆవిడ చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. మిగిలిన ఈ కాస్త వెలుగూ ఎన్నాళ్ళో ఉండదని డాక్టర్లు తేల్చేశారు. ఎవరి పెళ్ళిలోనో ఆయన సన్నాయి వాయిస్తుండగా తీసిన పాత సీడీ ఒకటుంది. టీవీలో పెడితే ఆవిడకి ఆనలేదు. కళ్ళు పోయేలోగా ఆయన్ని ఒక్కసారి పెద్దగా చూసుకోవాలని ఆవిడ ఆశ.

సాయంత్రం మేమూ గురువుగారి వెంట వెళ్ళాం. ధర్మలింగం గోడకి తెర కట్టి సీడీ పెట్టాడు. బొమ్మ తెర మధ్యలోనే పడింది, రెండు పక్కలా నల్లగా ఉండిపోయింది. సూర్యం బక్కపలచటి మనిషి, చామనఛాయకి రెండాకులు తక్కువే. ధర్మలింగానికి ప్రాణం ఒప్పలేదు. "ఇదేంటండీ, ఇంత తెర పెట్టుకుని పక్కలు వదిలేయడం" అంటూ రిమోట్ అందుకున్నాడు. బొమ్మని ఆ చివరినుంచి ఈ చివరికి సాగదీశాడు. వెలుగు పెంచాడు, రంగు పెంచాడు. సూర్యం కాస్తా తెల్లగా, బొద్దుగా జమీందారుగారి అల్లుడిలా తయారయ్యాడు.

"ఇప్పుడు చూడండమ్మా, ఎంత నిండుగా ఉందో" అన్నాడు.

చిట్టెమ్మగారు కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చూశారు. "సన్నాయి మా ఆయనదే బాబూ. ఊదేదెవరు?" అన్నారు. "మీ ఆయనేనమ్మా" అన్నాడు ధర్మలింగం. "అయితే నా కళ్ళు పూర్తిగా పోయినట్టే. ఆయన్నే పోల్చుకోలేకపోతున్నాను" అంటూ చెంగుతో మొహం కప్పుకున్నారు.

"ఎలా తీశారో అలాగే పెట్టవయ్యా" అన్నారు గురువుగారు.

"పక్కలు నల్లగా ఉంటాయండి."

"ఉండనీ."

ధర్మలింగం అన్నీ వెనక్కి తెచ్చాడు. బొమ్మ చిన్నదైంది, నలుపు మళ్ళీ వచ్చింది. మధ్యలో ఆ బక్కమనిషి బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. గురువుగారు చెబితే చిట్టెమ్మగారు చెంగు తీసి చూశారు. అలాగే చూస్తూ ఉండిపోయారు.

"చూశారా, కండువా మళ్ళీ మెడకి చుట్టేసుకున్నారు. నలుగురిలోకి వెళుతున్నారు, తిన్నగా వేసుకోండని చెప్పి పంపానా లేదా?" అని తెరని కోప్పడ్డారు. కోప్పడుతూనే నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. సీడీ అయిపోయేదాకా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు. మాకూ కళ్ళు తడి అయ్యాయి.

తర్వాత ధర్మలింగం తలొంచుకుని వైర్లు చుడుతున్నాడు. గురువుగారు రెండో కొస పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు నెమ్మదిగా అడిగారు.

"ఇంతకీ ధర్మలింగం, మీ అమ్మాయి ఏం చేస్తుందన్నావు?"