కండె షికారు

బంగారూ, ముందుది వెనక, వెనకది ముందు చెప్పేస్తానేమో. నువ్వు ఊఁ కొడుతూ ఉండు, తడబడితే నేనే సర్దుకుంటాను.

అనగనగా ఒక ఊరు, ఊరంతా మగ్గాల చప్పుడే. ఆ ఊళ్ళో సూరలింగం అనే నేతగాడు, అతని భార్య చౌడమ్మ ఉండేవాళ్ళు. వాళ్ళకో కుక్క. పిల్లప్పుడు నూలు చుట్టిన కండెల్ని నోట కరుచుకుని పారిపోయేదని దానికి కండె అనే పేరు పెట్టారు.

ఆ ఊళ్ళో తెల్లవారాక వీధి పొడుగునా పడుగు పరుస్తారు. పడుగంటే చీరకి నిలువునా ఉండే దారాలు. వాటికి గంజి పట్టించి, ఆరబెట్టి, అప్పుడు మగ్గానికి ఎక్కిస్తారు. కుక్క అందులో దూరిందంటే దారాలు తెగిపోవూ? ఆ భయంతో సూరలింగం కండెని పెరట్లో గుంజకి కట్టేశాడు. వేళకి అన్నం పెట్టేవాడు గానీ గడప దాటనిచ్చేవాడు కాదు.

కట్టేస్తే కుక్క ఊరుకుంటుందా? మొదట చెప్పులు కొరికింది. ఆ తర్వాత గంజికుండ దొర్లించింది. ఆ తర్వాత తాడు తెంపుకుని వచ్చి, మగ్గం మీదున్న పెళ్ళిచీర అంచు పీకేసింది.

అప్పుడు సూరలింగానికి ఒళ్ళు మండింది. "సంతరోజు గొర్రెల నాసరయ్య వస్తాడు. దీన్ని వాడికిచ్చేస్తాను" అన్నాడు.

చౌడమ్మకి కండె అంటే ప్రాణం. "ఏమయ్యా, పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటావు. మోకాళ్ళు పట్టేసి, లేచేటప్పుడు నామీద విసుక్కుంటావా లేదా? అదీ అంతే. సంత దాకా రోజూ తిప్పి చూడు. అప్పటికీ మారకపోతే నీ ఇష్టం" అంది.

మర్నాడు పడుగులు పరవకముందే బయల్దేరారు. కండె ముందు, సూరలింగం వెనక.

"లింగం మామా, నీకూ కాళ్ళున్నాయా! మగ్గంలోనే మొలిచావనుకున్నాం" అని వీధంతా నవ్వింది.

ఆ రోజు వీధి చివరికి వెళ్ళేసరికే సూరలింగానికి ఆయాసం. ఆ తర్వాత కాలవగట్టు దాకా వెళ్ళారు. ఆ తర్వాత తాటితోపు దాకా వెళ్ళారు. మధ్యలో ఒకరోజు పని తొందరని మానేశాడు. ఆ రోజు కండె కొత్త చెప్పులు కొరికేసింది. ఇక మళ్ళీ మానితే ఒట్టు!

తిరిగొచ్చేసరికి వీధిలో పడుగులు పరిచి ఉండేవి. కండె నాలుక వేలాడేసుకుని వాటి పక్కనుంచే నడిచొచ్చేది. నీళ్ళు తాగి, మగ్గం పక్కన పడి నిద్రపోయేది. ఒక్క దారం తెగితేనా? సూరలింగానికి కూడా మోకాళ్ళ పట్టు వదిలింది. ఆకలి పుట్టింది. పడుకోగానే నిద్ర పట్టింది.

అప్పుడు సంతరోజు రానే వచ్చింది. పొద్దున్నే నాసరయ్య తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చౌడమ్మ చూడలేక తలుపు చాటుకి వెళ్ళిపోయింది.

"ఏం లింగం, కుక్కనిస్తానన్నావట?"

సూరలింగం చెప్పులు వేసుకుంటున్నాడు. "ఇప్పుడు కాదయ్యా, మాకు నడక వేళయింది. అయినా దీన్ని నీకిచ్చేస్తే నన్నెవరు తిప్పుతారు?" అంటూ కండె వెంట చకచకా వెళ్ళిపోయాడు.

చౌడమ్మ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ బయటికొచ్చింది. "కుక్క లేదు గానీ అన్నా, మజ్జిగ తాగి పో" అంది.

వాళ్ళ పేర్లు సరిగ్గానే చెప్పానా? పొద్దున మీ పెద్దమ్మని అడిగి చూడు, తనకీ ఈ కథ తెలుసు. కుక్క పేరు మాత్రం కండే, అది నేను మరిచిపోను.

కథ వెళ్ళె కంచికి,
కండె చేరె పంచకి,
నువ్విక ఎక్కు మంచానికి!