అప్పగింత

కుళ్ళాయమ్మ ఇంతవరకు ఎవరి ముందూ నోరు తెరిచి ఒప్పుకోని సంగతి ఒకటుంది. మల్లీశ్వరిని మేనమామకు అప్పగించిన కాగితం మీద, మహిళా సంఘం తరఫున పెట్టిన రెండో సాక్షి సంతకం ఆమెదే.

సంతకం పెట్టబోతుంటే మల్లీశ్వరి ఆమె వైపే చూసింది. కుళ్ళాయమ్మ తేదీ గుర్తురానట్టు గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగింది.

మల్లీశ్వరి ఇరవై రెండేళ్ళ మనిషి. పని ఇప్పిస్తామని తీసుకుపోయి ఎవరో పరాయి ఊళ్ళో వ్యభిచార గృహానికి అమ్మేస్తే, పోలీసులు విడిపించుకొచ్చారు. మేనమామ వచ్చాడు. "రక్తసంబంధం, ఇంకేం కావాల" అన్నారు అందరూ. ఆ రక్తసంబంధమే రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ అదే దారిన పంపించింది. ఈసారి తనంతట తనే తప్పించుకుని, ఎక్కడో బట్టలు కుట్టే పనిలో చేరిందట. మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ కుళ్ళాయమ్మ ఎత్తలేదు.

అట్లాంటి కుళ్ళాయమ్మకే ఇప్పుడు చట్టం గురించి రాసే పని పడింది. ఆమెకు డిగ్రీ లేదు. ఇంటర్ తప్పాక, పాత పుస్తకాల బండి మీద దొరికిన లా పుస్తకాలు ముందేసుకుని, అర్థం కాని చోట రెండుసార్లు, బొత్తిగా అర్థం కాని చోట పదిసార్లు చదివి నేర్చుకుంది. మనుషుల అక్రమ రవాణా చట్టాన్ని మారుస్తాం, బాధితులకు మేలు జరిగే సలహాలు పంపండి అని ప్రభుత్వం అడిగితే, "సెక్షన్లూ గిక్షన్లూ నీకే తెలుసు గదమ్మే, నువ్వే రాయి" అని మహిళా సంఘం వాళ్ళు ఆమె నెత్తిన పెట్టారు.

ఇరవై మూడు పేజీలు రాసింది. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. విడిపించిన బాధితురాలిని ఎవరికి అప్పగించాలి?

'కుటుంబానికి' అని రాసి కొట్టేసింది. 'సంరక్షణ గృహానికి' అని రాసింది. అక్కడ గేటుకు బయటి నుంచి తాళం. అమ్మినవాడు బెయిల్ మీద బజార్లో టీ తాగుతుంటాడు, అమ్ముడుపోయిన మనిషి నెలల తరబడి లోపల ఉంటుంది. అదీ కొట్టేసింది. తాళం వద్దని రాద్దామంటే, దళారులు ఆ గేటు దగ్గరే కాపు కాస్తారాయె. 'స్వచ్ఛంద సంస్థకు' అని రాసి, తన సంతకం గుర్తొచ్చి కాగితం చిరిగేట్టు కొట్టేసింది. ఎటు పోయినా గోడే.

రేపు పంపాలనగా, శుక్రవారం మధ్యాహ్నం జైనుల్లా తాత దగ్గరికి పోయింది. గుట్ట మీది చిన్న దర్గాకు ఆయన పెద్ద, కుళ్ళాయమ్మకు చిన్నప్పటి నుంచీ గురువు. అయినా ఆయన కూర్చునేది కింద మెట్ల దగ్గర, వచ్చినోళ్ళ చెప్పులకు కాపలాగా. జతకొక రేకు బిళ్ళ ఇస్తాడు. అదేంది తాతా అంటే, "పైన పీరును చూసుకునేటోళ్ళు శానామంది ఉండారు" అంటాడు.

"ఏం పాపా, మొగం మబ్బు పట్టినట్టుంది?"

సంతకం సంగతి తప్ప అంతా చెప్పింది. "ఈ ఒక్క మాట చెప్పు తాతా. ఎవరికి అప్పగించాల?"

"పైకి పోయి దండం పెట్టుకోని రాపో."

అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఈ ముసలాయనకు ఏనాడుంది గనక! చెప్పులు విడిచి, బిళ్ళ తీసుకుని, సణుక్కుంటూ పైకి పోయి వచ్చింది. బిళ్ళ చూపించింది. చెప్పులు లేవు.

"నా చెప్పులేవి?"

"అప్పగించేసినా."

"ఎవరికి?"

"ఒకామె వచ్చి మావేనన్నది. మర్యాదస్తురాలే. బాగా చూసుకుంటానని మాట గూడా ఇచ్చింది."

"బిళ్ళ నా దగ్గరుంటే ఆమెకెట్లిస్తావు?"

"ఊరికే ఇస్తానా? సంతకం పెట్టించుకున్నా. ఇద్దరు సాక్షులు." తాత పక్కనే పూలమ్మే చాంద్‌బీ వైపు చూపించాడు. "ఒకటి నేను. రెండోది ఈమె."

చాంద్‌బీ పూలు కట్టడం ఆపకుండానే పళ్ళు బయటపెట్టింది. "నాకేం తెల్దమ్మో. పెట్టమన్నాడు, పెట్టినా."

కుళ్ళాయమ్మకు చెవులు వేడెక్కాయి. తాతకు తెలుసా? ఎవరు చెప్పారు? అడిగితే తనే బయటపడుతుంది. కోపం మాత్రం ఆగలేదు.

"ఎవరొచ్చి అడిగితే వాళ్ళకిచ్చేయడమేనా? ఒక మాట అడగొద్దా?"

"అడిగినా గదా."

"ఎవర్ని?"

"చెప్పుల్నే. ఈమె ఎంట పోతారామ్మా అని. నోరిప్పలే."

చాంద్‌బీ పకపకా నవ్వింది.

"చెప్పులు యాడన్నా మాట్లాడతాయా తాతా!"

జైనుల్లా తాత నవ్వలేదు.

"మాట్లాడవు. అందుకే అప్పగించొచ్చు."

అని, వచ్చిన ఇంకో జత అందుకుని, దుమ్ము దులిపి వరసలో పెట్టాడు.

కుళ్ళాయమ్మ మెట్టు మీద కూలబడింది. కింద బండ కాలుతోంది. సంచిలోంచి కాగితాలు తీసి ఆ వాక్యం చూసింది. 'అప్పగించాలి' అన్న మాటను కొట్టేసింది. దాని బదులు ఏం రాయాలో తోచలేదు. ఆ మాట తీసేస్తే వాక్యమే నిలబడటం లేదు. ఇరవై మూడు పేజీలూ మొదటి నుంచి మళ్ళీ రాయాలేమో. రేపటికి అవుతుందా? తెలియలేదు.

కాగితాలు మడిచి సంచిలో పెట్టి అడిగింది. "అడిగితే తిడుతుందేమో తాతా."

ఎవరని ఆయన అడగలేదు. "తిట్టనీ. నోరిప్పినట్టే గదా."

కుళ్ళాయమ్మ ఫోన్ తీసింది. మల్లీశ్వరి పేరు వెతికింది. 'ఎట్లుండావు' అనాలా, 'ఆ రోజు నేనే' అని మొదలుపెట్టాలా? ఏదీ తేలలేదు. ఏదీ తేలకపోయినా ఈసారి తనే ఫోన్ చేయాలని మాత్రం తేల్చుకుంది.